నాడీ వికాస శాస్త్ర అంతర్జాతీయ సొసైటీ, దాని సదస్సులు: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు

ల్యాబులో జూనియర్లు, పాత కాలేజీ నుంచి ఫోను చేసే ఎం.ఎస్‌సీ. విద్యార్థులు, అప్పుడప్పుడు ఒకరిద్దరు పిల్లల డాక్టర్లు. అడిగేవారు మారుతున్నారు, అడిగేవి మాత్రం అవే. ఒకే జవాబును ఇరవయ్యోసారి టైపు చేస్తున్నప్పుడు, ఇదంతా ఒకచోట రాసి పెడితే పోతుందనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. వరసగా చదవాలన్న నియమం ఏమీ లేదు.

## మొదట్లో వచ్చే సందేహాలు

ఐఎస్‌డీఎన్ అంటే పాతకాలపు ఇంటర్నెట్ ఫోన్ లైన్ కదా?

నలభై దాటినవారికి అదే గుర్తొస్తుంది. ఆ లైన్లు ఎప్పుడో అటకెక్కాయి. ఇక్కడ ఐఎస్‌డీఎన్ అంటే ఇంటర్నేషనల్ సొసైటీ ఫర్ డెవలప్‌మెంటల్ న్యూరోసైన్స్, అంటే మెదడు, నాడీ వ్యవస్థ ఎలా తయారవుతాయో పరిశోధించేవారి అంతర్జాతీయ సంఘం. 1978లో మొదలైంది. ఐఎస్‌డీపీ అని దగ్గరి పేరుతో ఇంకొకటి ఉంది. అది డెవలప్‌మెంటల్ సైకోబయాలజీ సొసైటీ, ప్రవర్తన వైపు ఎక్కువ మొగ్గు చూపుతుంది. ఒక అక్షరం తేడాతో ఒకదానికి కట్టాల్సిన రుసుము ఇంకొకదానికి కట్టిన మిత్రుడు నాకున్నాడు.

నాడీ వికాస శాస్త్రం అంటే పిల్లల తెలివితేటల గురించి చదవడమేనా?

అది చిట్టచివరి అధ్యాయం. కథ అంతకు చాలా ముందే, పిండం బియ్యపు గింజంత కూడా లేనప్పుడే మొదలవుతుంది. వీపు వైపున ఒక పలుచని కణాల పొర మడత పడి గొట్టంగా మూసుకుంటుంది. మెదడు, వెన్నుపాము రెండూ ఆ గొట్టం నుంచే వస్తాయి. గర్భధారణ జరిగిన సుమారు ఇరవై ఎనిమిది రోజులకు ఈ మూత పడటం పూర్తవుతుంది. ఆ తర్వాత కణాలు పుట్టడం, పుట్టిన చోటి నుంచి తమ స్థానానికి ప్రయాణించడం, తీగలు చాచడం, ఒకదానితో ఒకటి ముడిపడటం, అక్కర్లేని ముడులు రాలిపోవడం జరుగుతాయి. వీటిలో ప్రతి దశ మీదా జీవితకాలం పనిచేసేవారున్నారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ ప్రయాణం. మెదడు లోపలి అంచున పుట్టిన కణం, రేడియల్ గ్లియా అనే పొడవాటి పోగును పట్టుకుని, గీత కార్మికుడు తాటిచెట్టు ఎక్కినట్టు పైకి పాకుతుంది. ముందు పుట్టినవి కింది అరల్లో సర్దుకుంటాయి. తర్వాత పుట్టినవి వాటిని దాటుకుని పై అరల్లోకి వెళ్తాయి. ఇల్లు కట్టేటప్పుడు రెండో అంతస్తు వాళ్లు మొదటి అంతస్తు గదుల మధ్య నుంచి నడిచి వెళ్లడం లాంటిది. ఈ పాకడం ఎక్కడైనా ఆగితే, పుట్టిన బిడ్డకు మూర్ఛ రావచ్చు, ఎదుగుదల మందగించవచ్చు.

నేను పిల్లల డాక్టరును. ఎలుకలు, కోడి గుడ్ల మీద పనిచేసేవాళ్ల మధ్య నాకేం పని?

మీరు రోజూ చూసే జబ్బులకు మొదలు వాళ్ల దగ్గరే ఉంది. గర్భం రాకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోమని చెప్తున్నామంటే, ఆ గొట్టం మూసుకునే రోజుల్లో చాలామంది తల్లులకు గర్భం వచ్చిన సంగతే తెలియదు కాబట్టి. తెలిసి మాత్ర వేసుకునేసరికి ఆ దశ దాటిపోతుంది. కంటిశుక్లంతో పుట్టిన బిడ్డకు ఆపరేషన్ ఆలస్యం చేయకూడదని అనడానికి కూడా మూలం ల్యాబులోనే ఉంది. పిల్లి కూనలకు ఒక కన్ను మూసి ఉంచి హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు, చూపు నేర్చుకోవడానికి మెదడుకు ఒక గడువు ఉందని చూపించాయి. దృష్టి వ్యవస్థ మీద చేసిన కృషికి వాళ్లకు 1981లో నోబెల్ వచ్చింది.

ఇటు నుంచి అటు కూడా ఋణం ఉంది. 2015లో బ్రెజిల్‌లో చిన్న తలలతో బిడ్డలు పుడుతున్నారని మొదట గుర్తించింది ఆసుపత్రుల్లోని వైద్యులే. జికా వైరస్ ఎదుగుతున్న మెదడులోని మూలకణాలను దెబ్బతీస్తోందని ల్యాబులు ఆ తర్వాత తేల్చాయి. కాబట్టి డాక్టర్లు రావాలి. వాళ్లు వచ్చిన చర్చలు బాగుంటాయి కూడా.

అమెరికాలో సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ అంత పెద్దది ఉండగా ఈ చిన్న సదస్సు ఎందుకు?

ఆ పెద్ద సదస్సుకు ఇరవై వేలకు పైగా వస్తారు. అది జాతర. చూసి తీరాలి, కానీ మొదటిసారి వెళ్లినవారు తప్పిపోతారు. మీ పోస్టరు, అంటే మీ ఫలితాలు అచ్చు వేసి గోడకు తగిలించే పెద్ద పటం, ముందు నిలబడినవారిలో సగం మంది పక్క వరసకు దారి అడగడానికి వచ్చినవారే ఉంటారు. ఇక్కడ వచ్చేది కొన్ని వందల మంది. మధ్యాహ్నం భోజనాల వరసలో మీ ముందు నిలబడిన ఆవిడ, మీరు నిన్న రాత్రి చదివిన వ్యాసం రాసినావిడే కావచ్చు. మొదటి అంతర్జాతీయ సదస్సు చిన్నదై ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని సీనియర్లు ఉన్నారు. వాళ్లకు జాతరలు అలవాటైపోయాయి.

## సదస్సులు, పత్రిక, రాబోయేవి

ఈ సదస్సు ఎప్పుడెప్పుడు, ఎక్కడ జరుగుతుంది?

రెండేళ్లకోసారి, ఖండాలు మారుతూ. 2014లో కెనడాలోని మాంట్రియల్, 2016లో ఫ్రాన్స్ దక్షిణ తీరాన ఆంటీబ్, 2018లో జపాన్‌లోని నారా. 2020లో వాంకూవర్ అనుకున్నారు. కోవిడ్ వచ్చి పడింది. అదే వాంకూవర్‌లో 2022లో జరిపారు. అలా ఒక విడత మధ్యలో జారిపోయింది. ఆ రెండేళ్లలో పీహెచ్‌డీ ముగించినవారు ఒక్క సదస్సు కూడా చూడకుండానే బయటికి వెళ్లారు. దాని దెబ్బ ఏమిటో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది, పోస్ట్ డాక్టరల్ ఉద్యోగానికి సిఫారసు రాయడానికి బయటివారెవరూ తెలియక.

మన దేశంలో ఎప్పుడైనా జరిగిందా?

జరిగింది. 2012 జనవరిలో ముంబయిలో, పంతొమ్మిదవ సదస్సు. ముంబయి ఎందుకో ఆశ్చర్యపోనక్కర్లేదు. అక్కడి టాటా మౌలిక పరిశోధన సంస్థలో శుభా తోలే బృందం, మెదడు పై పొర ఏ జన్యువుల ఆదేశంతో పై పొరగా మారుతుందో ఏళ్ల తరబడి పరిశోధిస్తోంది. ఎల్‌హెచ్‌ఎక్స్2 అనే జన్యువు లేకపోతే, పై పొర కావలసిన కణాలు దారి తప్పి వేరే భాగాలుగా మారతాయని వాళ్లు 2008లో చూపించారు. ఆమె తర్వాత ప్రపంచ మెదడు పరిశోధన సంస్థ ఐబీఆర్‌ఓ అధ్యక్ష పదవికి కూడా ఎన్నికయ్యారు.

రాబోయే రెండు మూడేళ్లలో దేనికోసం సిద్ధం కావాలి?

మీ పరిశోధన ఎక్కడుందో చూసుకుని లెక్క వేయండి, సదస్సు తేదీని చూసి కాదు. సదస్సుకు ఆరేడు నెలల ముందే అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) పంపే గడువు పడుతుంది. ఆ రోజుకు మీ దగ్గర కనీసం ఒక చిత్రం, అంటే లెక్కలు తేలిన ఒక ఫలితం, ఉండాలి. సొసైటీ తన తర్వాతి వేదికను ముందు సదస్సు ముగింపు సమావేశంలో చెప్పడం ఆనవాయితీ. తర్వాత తేదీలు సొసైటీ సొంత వెబ్‌సైట్‌లో వస్తాయి. అక్కడ లేని తేదీని ఎవరు చెప్పినా నమ్మకండి.

విడిగా ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. ఐబీఆర్‌ఓ ప్రపంచ మహాసభ నాలుగేళ్లకోసారి వస్తుంది. 2023లో స్పెయిన్‌లోని గ్రనాడాలో జరిగింది. 2027లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో. మన వంటి దేశాల విద్యార్థులకు ప్రయాణ సాయం ఇవ్వడంలో ఐబీఆర్‌ఓది పాత చెయ్యి.

సొసైటీకి సొంత పత్రిక ఉందా? మా యూనివర్సిటీలో అది చదవగలమా?

ఉంది. ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ డెవలప్‌మెంటల్ న్యూరోసైన్స్, 1983 నుంచి. చాలాకాలం ఎల్స్‌వియర్ అనే ప్రచురణ సంస్థ చేతిలో ఉండి 2020 నుంచి వైలీ అనే మరో సంస్థకు మారింది. పాత లింకులు పని చేయకపోతే కారణం అదే.

చదవడం గురించి మంచి వార్తే. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఒకే దేశం ఒకే చందా పథకంలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యా సంస్థలకు ముప్ఫై మంది ప్రచురణకర్తల పత్రికలు, దాదాపు 13,000, అందుతున్నాయి. వాటిలో వైలీ కూడా ఉంది. మీది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే గ్రంథాలయంలో అడిగి లాగిన్ తీసుకోండి. చాలాచోట్ల ఈ సంగతి విద్యార్థులదాకా రాలేదు. ప్రైవేటు కాలేజీల వారికి ప్రస్తుతం ఈ వెసులుబాటు లేదు. వాళ్లు వ్యాసకర్తకే ఒక ఉత్తరం రాస్తే, పది మందిలో ఏడెనిమిది మంది పంపిస్తారు. నా అనుభవం అది.

మన దగ్గర ఈ రంగంలో కొత్తగా ఏం జరిగింది?

ఐఐటీ మద్రాసులోని మెదడు కేంద్రం 2024 డిసెంబరులో మానవ పిండం మెదడు త్రిమితీయ పటాలను విడుదల చేసింది. రెండో త్రైమాసికానికి చెందిన మెదళ్లను సన్నటి పొరలుగా కోసి, 5,132 పొరలను కణం కణం కనబడేటంత వివరంగా చిత్రీకరించారు. ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా తెరిచి చూడవచ్చు. దానికి ధరణి అని పేరు పెట్టారు. తెలంగాణలో ఈ పేరు చెబితే అందరూ భూముల పోర్టల్ అనుకుని పాసుపుస్తకం సమస్యలు చెప్పడం మొదలుపెడతారు. కంగారు పడకండి, ఇది వేరే ధరణి.

మీ పరిశోధన అద్భుతం, మా సదస్సులో ప్రసంగించండి అని ఈమెయిల్ వచ్చింది. నమ్మవచ్చా?

నమ్మకండి. ఒక్క వ్యాసం అచ్చయితే చాలు, ఇలాంటివి వారానికి పది వస్తాయి. పరీక్ష తేలిక. నాడీ వికాస శాస్త్రం, పశువైద్యం, నానో సాంకేతికత మూడూ ఒకే సదస్సులో ఉన్నాయా? కార్యక్రమ కమిటీలో ఉన్నవారి సొంత పేజీల్లో ఆ సదస్సు ప్రస్తావన ఉందా? మూడు రోజుల్లో డబ్బు కట్టమంటున్నారా? అసలు సొసైటీలు మిమ్మల్ని పొగడవు. అబ్‌స్ట్రాక్ట్ పంపమంటాయి, తర్వాత తిరస్కరిస్తాయి కూడా.

## సభ్యత్వం, అబ్‌స్ట్రాక్ట్

సభ్యత్వం ముందు తీసుకోవాలా, సదస్సుకు ఎంపికయ్యాక తీసుకోవాలా?

రిజిస్ట్రేషన్ కట్టేటప్పుడు తీసుకోండి. సభ్యులకు సదస్సు రుసుము తగ్గుతుంది. విద్యార్థులకు ఆ తగ్గింపే సభ్యత్వ రుసుము కంటే ఎక్కువ ఉంటుందో లేదో కాగితం మీద కూడికలు వేసుకుని చూడండి. ఒక జాగ్రత్త: ప్రయాణ సాయానికి దరఖాస్తు చేయాలంటే ముందే సభ్యులై ఉండాలని కొన్ని సొసైటీలు అడుగుతాయి. ఆ నిబంధన ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి.

నా ఫలితాలు ఇంకా పూర్తి కాలేదు. అబ్‌స్ట్రాక్ట్ పంపవచ్చా?

పూర్తయిన పరిశోధనను నేనింతవరకు చూడలేదు. పంపండి. కానీ లేని ఫలితాన్ని ఉన్నట్టు రాయకండి. నేను మొదటిసారి రాసిన దాంట్లో చివరి వాక్యం, ఫలితాలను సదస్సులో చర్చిస్తాం అని. మా గైడు ఎర్ర సిరాతో దాన్ని కొట్టేసి పక్కన రాశారు: ఏం ఫలితాలు? ఆ ఎర్ర గీత ఇప్పటికీ నా దగ్గర ఉంది.

సాధారణంగా 250 నుంచి 300 పదాలు ఇస్తారు. ఏ ప్రశ్న, ఏ జంతువు, ఎన్నో రోజు పిండం, ఏం కొలిచారు, ఏం కనబడింది. ఈ రంగంలో వయసు లేకుండా రాసిన వాక్యానికి అర్థం లేదు. పన్నెండున్నరో రోజు ఎలుక పిండంలో నిజమైనది పద్నాలుగున్నరో రోజున అబద్ధం కావచ్చు. జంతువుల మీద పని అయితే మీ సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి సంఖ్య సిద్ధంగా ఉంచుకోండి.

ఉపన్యాసం అడిగితే పోస్టరు ఇచ్చారు. తక్కువ చేసినట్టేనా?

కాదు. పది నిమిషాల ఉపన్యాసంలో రెండు ప్రశ్నలు వస్తాయి, రెండూ సమయం లేదంటూ ముగుస్తాయి. పోస్టరు దగ్గర రెండు గంటలు నిలబడితే, మీ ప్రయోగంలో లోపం ఎక్కడుందో చెప్పేవారు కనీసం ఒకరు తగులుతారు. ఆ ఒక్కరి కోసమే టికెట్ కొన్నామనుకోండి.

## డబ్బు, వీసా

ఇంటి నుంచి డబ్బు అడగలేను. ఎవరు సాయం చేస్తారు?

మూడు తలుపులు ఒకేసారి తట్టండి: సొసైటీ ఇచ్చే విద్యార్థి ప్రయాణ సాయం, ఐబీఆర్‌ఓ, మన ప్రభుత్వ సంస్థలు. పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఎస్‌ఈఆర్‌బీ ఇప్పుడు ఏఎన్‌ఆర్‌ఎఫ్ అనే కొత్త సంస్థలో కలిసిపోయింది, సీనియర్ల పాత ఫైళ్లలో ఉన్న దరఖాస్తు నమూనాలు పనికిరావు. ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి), డీబీటీ (బయోటెక్నాలజీ విభాగం) నిబంధనలు కూడా చూడండి. దాదాపు అన్నిటికీ అబ్‌స్ట్రాక్ట్ అంగీకార పత్రం కావాలి. అది చేతికి రావడానికీ దరఖాస్తు గడువుకూ మధ్య కొన్నిసార్లు వారమే ఉంటుంది. మిగతా కాగితాలన్నీ, గైడు సంతకంతో సహా, ముందే కట్ట కట్టి ఉంచుకోండి. ఇంకొక మాట: చాలా సాయాలు ఖర్చు పెట్టాక బిల్లులు చూపిస్తే వచ్చేవి. విమానం బోర్డింగ్ పాసు పారేసి ఏడ్చినవారిని చూశాను.

యూరప్‌లో సదస్సు. వీసాకు ఎంత ముందు వెళ్లాలి?

యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. మామూలుగా పదిహేను రోజుల్లో తేలుస్తారని నియమం. ఇబ్బంది ఆ పదిహేను రోజులతో కాదు, హైదరాబాద్ కేంద్రంలో తేదీ దొరకడంతో. వేసవిలో నెలన్నర దాకా దొరకకపోవచ్చు. రుసుము పెద్దలకు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆహ్వాన పత్రంలో మీ పేరు పాసుపోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు ఎక్కడుందో అక్కడే, ఉండాలి. మన పేర్లతో వచ్చే తంటా ఇదే. ఇంటిపేరు ముందా వెనకా అన్న తగాదా వల్ల నా మిత్రురాలు ఆహ్వాన పత్రం రెండుసార్లు మార్పించుకుంది.

## పోస్టరు, సదస్సు రోజులు

పోస్టరు ఇక్కడే అచ్చు వేయించాలా, అక్కడికి వెళ్లాకా?

ఇక్కడే, గుడ్డ మీద. కాగితపు పోస్టరుకు గొట్టం కావాలి, గొట్టాన్ని విమానంలో మరిచిపోవడం ప్రతి సదస్సులో ఎవరో ఒకరు చేస్తారు. గుడ్డను చొక్కాల మధ్య మడత పెట్టుకుని వెళ్లవచ్చు. ఏ0 పరిమాణం, అంటే 841 గుణించు 1189 మిల్లీమీటర్లు. నిలువా అడ్డమా అన్నది సదస్సు చెప్పినట్టే.

నేను మొదటిది మా వీధి చివర ఫ్లెక్సీ దుకాణంలో వేయించాను. ఎన్నికల రోజులు. కుర్రాడు ఫైలు తెరిచి, ఎలుక పిండం మెదడు కోత చిత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సార్, నాయకుడి ఫోటో ఎక్కడ పెట్టాలి, అన్నాడు. తర్వాత ఆకుపచ్చ రంగు మరీ వెలిసినట్టుందని తనే కాస్త ముదురు చేశాడు. అది ఫ్లోరసెంట్ రంగు. దాని గాఢతే నా ఫలితం. అదృష్టం కొద్దీ అచ్చుకు ముందు చూశాను. రంగులు ముట్టుకోవద్దని దుకాణంలో ముందే చెప్పండి, మొదట ఏ4 కాగితం మీద ఒక నమూనా తీయించండి.

నా ఇంగ్లీషు అంత బాగుండదు. నవ్వుతారేమో?

నారాలో జపాన్ విద్యార్థులు, ఆంటీబ్‌లో ఫ్రెంచి వారు, అందరూ విరిగిన ఇంగ్లీషుతోనే నెట్టుకొచ్చారు. ఎవరూ నవ్వలేదు. ఇబ్బంది భాషతో కాదు, వేగంతో వస్తుంది. మనం కంగారులో గబగబా మాట్లాడతాం. మూడు నిమిషాల్లో కథ చెప్పడం ఇంట్లో సాధన చేయండి, పక్క డిపార్ట్‌మెంటు వాళ్లకు చెప్పి చూడండి. అర్థం కాని ప్రశ్న వస్తే మళ్లీ అడగమనండి. తల ఊపి తప్పించుకోకండి, అవతలివారికి తెలిసిపోతుంది.

నేను చదివిన వ్యాసాల రచయిత నా ఎదురుగా ఉన్నారు. ఏం మాట్లాడాలి?

పొగడ్త వద్దు. వాళ్ల వ్యాసంలో మీకు అర్థం కాని ఒక చిత్రం గురించి అడగండి. నాలుగో చిత్రంలో పద్దెనిమిదో రోజు ఎందుకు లేదు అన్నంత నిర్దిష్టంగా. తొంభై శాతం సందర్భాల్లో దాని వెనక ఒక విఫల ప్రయోగం కథ ఉంటుంది, అది అచ్చులో ఎక్కడా దొరకదు.

శాకాహారం దొరుకుతుందా?

రిజిస్ట్రేషన్ పత్రంలో గడి ఉంటే టిక్కు పెట్టండి. జపాన్‌లో కూరగాయల సూపులో కూడా చేపల రసం ఉంటుంది, అడిగి తినండి. మిగతాచోట్ల రొట్టె, పళ్లు, సంచిలో ఆవకాయ పొడి.

## తిరిగి వచ్చాక

వ్యాసం అచ్చుకాకముందే పోస్టరు చూపిస్తే ఎవరైనా నకలు కొడతారా?

జరగదని అనను, అరుదు. ఫోటోలు తీయవద్దని పోస్టరు మూలన ఒక గుర్తు పెట్టవచ్చు, చాలామంది గౌరవిస్తారు. ఇంకా భయంగా ఉంటే సదస్సుకు ముందు బయోఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ప్రీప్రింట్, అంటే పత్రికలో అచ్చుకాకముందు వ్యాసం ప్రతి, పెట్టండి, తేదీ మీ పేరు మీద నిలిచిపోతుంది. నా అనుభవంలో దాచుకున్నవారికంటే చూపించినవారే ముందుగా వ్యాసం పూర్తి చేశారు, ఎందుకంటే వచ్చే అభ్యంతరాలు ముందే విన్నారు.

వీసా రాలేదు. రిజిస్ట్రేషన్ డబ్బులు పోయినట్టేనా?

చాలా సదస్సులు ఒక తేదీలోపు రాస్తే కొంత కోసుకుని మిగతాది తిరిగిస్తాయి. వీసా నిరాకరణ పత్రం జతచేస్తే ఆ తేదీ దాటాక కూడా వినేవారున్నారు. ఈమెయిల్ పంపి ఊరుకోకండి, వారం తర్వాత మళ్లీ రాయండి. అబ్‌స్ట్రాక్ట్ మాత్రం వెనక్కి తీసుకోవద్దు. సహ రచయిత ఎవరైనా వెళ్తుంటే పోస్టరు వాళ్ల చేత పెట్టించవచ్చేమో నిర్వాహకులను అడగండి. ఒకసారి అలా నా గుడ్డ పోస్టరు నేను లేకుండానే రెండు దేశాలు తిరిగి, కాఫీ మరకతో ఇంటికి చేరింది.